సైకిలు పన్ను: ఒక పరిశీలన

మన పట్టణాలలో వాహనాల రద్దీ హెచ్చిన కొద్దీ ఒక వాదం తరచుగా వినవస్తున్నది. మోటారు సైకిలు ఉన్నవాడు జీవితకాలపు పన్ను కడుతున్నాడు. కారు ఉన్నవాడు కడుతున్నాడు. ఆటో నడుపుకొని బ్రతికేవాడు సైతం పర్మిటు కొరకు, ఫిట్‌నెస్ కొరకు రుసుము కడుతున్నాడు. అదే రోడ్డు మీద పోయే సైకిలు యజమాని మాత్రం పన్ను లేక, నంబరు లేక, లైసెన్సు లేక తిరుగుతున్నాడు. ఇది న్యాయమా అని అడిగేవారిలో మోటారు వాహనాల యజమానులే గాక మన విద్యార్థులు కూడ ఉన్నారు. ప్రశ్న సమంజసమైనదే. దానిని నవ్వి త్రోసివేయరాదు.

ఈ విషయం మాకు కేవలం అర్థశాస్త్ర తరగతికి చెందినది కాదు. మన కళాశాలకు దూరపు పేటల నుండి సైకిళ్ళ మీద వచ్చేవారు ఉన్నారు. వారిలో కొందరు తెల్లవారుజామున పాలు, దినపత్రికలు ఇండ్లకు వేసి, ఆ సైకిలు మీదనే మొదటి గంటకు తరగతిలో కూర్చుంటారు. పన్ను పడితే మొదట తగిలేది వీరికే. కావున తొందరపడక, ఒక్కొక్క అంశాన్నే విడదీసి చూడవలెను.

విడదీయవలెనని ఎందుకు అంటున్నామనగా, ఈ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నవి. ప్రభుత్వ ఖజానాకు సొమ్ము చేర్చుట ఒకటి. ఏ సైకిలు ఎవరిదో గుర్తించుటకు నంబరు వేయుట రెండవది. మొదటిది పన్ను. రెండవది నమోదు, దానికై తీసుకొనే సొమ్ము రుసుము. ఈ రెంటికీ గల భేదాన్ని 1954లో శిరూరు మఠం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు వివరించినది. పన్ను అనగా ప్రజాప్రయోజనాల కొరకు చట్టబలంతో వసూలు చేసేది. కట్టినవానికి ప్రతిగా ఫలానా మేలు చేయవలెనన్న నియమం అందులో లేదు. రుసుము అనగా ఒక ప్రత్యేకమైన సేవకు ప్రతిగా తీసుకొనేది. సైకిలు యజమాని వద్ద రుసుము తీసుకొనదలచిన వారు, ప్రతిగా అతనికి ఏ సేవ చేయబోతున్నారో ముందుగా చెప్పవలసి ఉంటుంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో తరువాత పని కలదు.

ఇక అధికారం సంగతి. సైకిలు మీద పన్ను వేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నదా? నిస్సందేహంగా ఉన్నది. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, రెండవ జాబితాలోని 57వ పద్దు, రోడ్ల మీద తిరుగుటకు తగిన వాహనాలపై పన్ను విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చినది. ఆ వాహనాలు యంత్రశక్తితో నడిచేవి అయినను, కాకపోయినను అన్న మాట అందులోనే స్పష్టంగా ఉన్నది. ఆ విధంగా సైకిలు, రిక్షా, ఎద్దుబండి అన్నియు ఆ పద్దు క్రిందికి రాగలవు. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం యంత్రశక్తితో నడిచే వాటికే వర్తిస్తుంది గనుక, కాలితో త్రొక్కే సైకిలుకు ఆ చట్టం క్రింద రిజిస్ట్రేషను అవసరం లేదు. విద్యుత్తు సైకిళ్ళు సైతం 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం మొదలైన హద్దులలో ఉన్నంతవరకు మోటారు వాహనాలుగా లెక్కింపబడవు. అనగా అధికారం ఉన్నది, ప్రస్తుతం కేంద్ర చట్టం దానిని సైకిలు మీద వాడుటలేదు. వాడవలెనా అన్నదే చర్చ.

పాత తరం వారికి సైకిలు పన్ను కొత్త మాట కాదు. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక చట్టం కోస్తా, రాయలసీమ పట్టణాలలో చాల కాలం అమలులో ఉన్నది. బండ్ల మీద, జంతువుల మీద పన్ను వేయుటకు అది మునిసిపాలిటీలకు అధికారమిచ్చినది. మనుష్యులను మోసే బండ్లు ఏవో చెప్పునప్పుడు ఆ చట్టం సైకిళ్ళను కూడ వాటిలో చేర్చి, చంటిపిల్లలను కూర్చుండబెట్టి త్రోసే బండిని మాత్రం మినహాయించినది. శాసనకర్తల దయ అంతవరకు వచ్చి ఆగినదన్నమాట!

ఆ రోజులలో ఏటేటా కొంత సొమ్ము కట్టి, రేకు బిళ్ళయో ఇత్తడి బిళ్ళయో తెచ్చుకొని సైకిలుకు బిగించుకొనవలసి ఉండేది. బిళ్ళ లేని సైకిలు కూడలిలో పట్టుబడితే జరిమానా, లేదా చక్రంలో గాలి తీసివేయుట జరిగేదని పెద్దలు నేటికీ చెప్పుకొంటారు. మునిసిపాలిటీ సిబ్బంది ఎదురుగా కనబడగానే ప్రక్క సందులోనికి సైకిలు త్రిప్పివేసిన కథలు ప్రతి ఊరిలోను ఉన్నవి. క్రమక్రమంగా ఈ బిళ్ళలు మన వీధులలో నుండి మాయమైపోయినవి. నేడు అవి పాత నాణెములు సేకరించేవారి పెట్టెలలో కనబడుతున్నవి.

మాయమగుటకు కారణం వెదకుటకు పెద్ద పరిశోధన అవసరం లేదు. ఆడం స్మిత్ 1776లో ప్రకటించిన గ్రంథంలో మంచి పన్నుకు ఉండవలసిన నాలుగు లక్షణాలను చెప్పినాడని వాణిజ్యశాస్త్ర విద్యార్థులు చదివే ఉంటారు. వాటిలో చివరిది పొదుపు. ప్రజల వద్ద తీసుకొన్నదానికీ, ఖజానాకు చేరినదానికీ మధ్య తేడా వీలైనంత తక్కువగా ఉండవలెను. సైకిలు పన్ను ఈ పరీక్షలో నిలువదు. బిళ్ళలు పోయించవలెను, రసీదు పుస్తకాలు అచ్చు వేయించవలెను, వసూలుకు గుమాస్తాను, తనిఖీకి జవానును పెట్టవలెను, కట్టనివారిపై కేసులు నడుపవలెను. వచ్చేది సైకిలుకు కొద్ది రూపాయలు. ఎక్కువ వసూలు చేయుదమన్నను వీలులేదు. సైకిలు విలువే తక్కువ.

స్మిత్ చెప్పిన మొదటి లక్షణం సమానత్వం, అనగా శక్తికొలది పన్ను. బిళ్ళ ధర అందరికీ ఒక్కటే గనుక ఇక్కడ అదీ లేదు. ఉర్దూ శాఖ మిత్రులకు పత్రస్ బుఖారీ హాస్యరచన ‘మర్‌హూమ్ కీ యాద్ మే’ ఈపాటికి స్ఫురించి ఉంటుంది. అందులోని సైకిలు వంటి శిథిల వాహనానికి, నిన్న దుకాణంలో నుండి తెచ్చిన గేర్ల సైకిలుకు బిళ్ళ ధరలో భేదం ఉండదు. మోటారు కారు పన్ను దాని ధరను బట్టి హెచ్చుతుంది. సైకిలు బిళ్ళకు ఆ వివేకం లేదు.

ఈ విషయంలో హాలెండు దేశపు చరిత్ర మనకు ఎంతో నేర్పుతుంది. నేడు ఆ దేశంలో జనసంఖ్య కంటె సైకిళ్ళ సంఖ్య ఎక్కువ. రమారమి 1 కోటి 80 లక్షల మందికి 2 కోట్ల 30 లక్షల సైకిళ్ళు. అట్టి దేశంలో సైకిలు పన్ను లేదు. కాని ఒకప్పుడు ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ప్రభుత్వ ఆదాయవ్యయాల మధ్య లోటు పూడ్చుటకు, ఆర్థిక మంత్రిగా ఉన్న కోలైన్ కాలంలో, 1924లో సైకిలు మీద ఏటా 3 గిల్డర్ల పన్ను విధించిరి. తరువాత దానిని రెండున్నరకు తగ్గించిరి. కట్టినవారికి ఏటేటా ఒక లోహపు బిళ్ళ ఇచ్చేవారు. కార్మికుడు పనికి పోవుటకు, గుమాస్తా కచ్చేరికి పోవుటకు, పిల్లలు బడికి పోవుటకు ఆధారం సైకిలే గనుక పన్ను వసూలు బాగుగనే జరిగినది. ఖజానా దృష్టితో చూచినచో అది విజయవంతమైన పన్ను. మన దేశంలో సైకిలు పన్ను తిరిగి వేయవలెననేవారు ఈ ఉదాహరణను తమ పక్షాన చూపవచ్చును. అందుకే దీనిని దాచక చెబుతున్నాము.

అయితే పేదవారి సంగతి ఏమి? పన్ను కట్టలేని నిరుద్యోగులకు హాలెండు ప్రభుత్వం ఉచితంగా బిళ్ళ ఇచ్చినది. ఉచిత బిళ్ళకు, కొన్న బిళ్ళకు తేడా తెలియుటకై ఉచిత బిళ్ళ మధ్య ఒక రంధ్రం చేసిరి. అనగా ఆ మనిషి సైకిలు ఎక్కి ఏ వీధిలో పోయినను, ఇతడు పని లేనివాడు, పన్ను కట్టలేనివాడు అని ఆ రంధ్రం చాటుతుండేది. పని వెదకుకొనుటకు ఒక కార్ఖానా ముందు సైకిలు దిగినప్పుడు సైతం అది అతని వెంటనే ఉండేది. మినహాయింపు ఇచ్చుట దయ అనే మనము అనుకొంటాము. కాని ఆ దయను వీధిలో ప్రదర్శనకు పెట్టుట వేరు. మన దేశంలో సైకిలు పన్ను వేసి, తెల్ల రేషను కార్డు గలవారికి, విద్యార్థులకు మినహాయింపు ఇచ్చెదమనేవారు ఈ రంధ్రం సంగతి తప్పక ఆలోచించవలెను. సైకిళ్ళు ఎక్కువగా వాడే పేదలందరికీ మినహాయింపు ఇచ్చిన పిమ్మట పన్ను కట్టుటకు మిగిలేదెవరు? వ్యాయామం కొరకు ఖరీదైన సైకిలు కొనుక్కొన్న కొద్దిమంది. ఆ కొద్దిమంది కొరకు ఒక శాఖను నడుపుటయా?

హాలెండు పన్ను 1941లో రద్దయినది. రద్దు చేసినది ఆ దేశాన్ని ఆక్రమించిన జర్మను అధికారులు. యుద్ధం ముగిసి స్వాతంత్ర్యం తిరిగి వచ్చిన తరువాత కూడ డచ్చి ప్రభుత్వం ఆ పన్నును మరల తేలేదు.

ఇప్పుడు రోడ్ల వాదానికి వస్తాము. రోడ్డును వాడుకొనేవాడు రోడ్డుకు సొమ్ము ఇవ్వవలెనన్నది దీని సారాంశం. మాకు ఈ సూత్రంతో పేచీ లేదు. పేచీ లెక్కలోనే. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, ఒట్టావా పట్టణం చేరువన, 1958 నుండి 1960 వరకు ఒక పెద్ద ప్రయోగం జరిగినది. ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద వేర్వేరు బరువుల లారీలను పదే పదే నడిపి రోడ్డు ఎంత చెడుతుందో కొలిచిరి. ఆ ఫలితాల నుండి ఇంజనీర్లు ఒక స్థూల సూత్రం రాబట్టినారు. రోడ్డుకు కలిగే నష్టం, ఇరుసు మీది బరువు యొక్క నాలుగవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. బరువు రెట్టింపు అయితే నష్టం రెట్టింపు కాదు, 16 రెట్లు.

గణిత విద్యార్థులు దీనిని తామే చేసి చూడవచ్చును. సైకిలు, దాని మీది మనిషి కలిసి 100 కిలోలు అనుకొందాము. ఇరుసుకు 50 కిలోలు. మోటారు సైకిలు, మనిషి కలిసి 200 కిలోలు, ఇరుసుకు 100. చిన్న కారు 1000 కిలోలు, ఇరుసుకు 500. బరువెక్కిన లారీకి ఒక్కొక్క ఇరుసు మీద 10 టన్నులు. సైకిలు ఇరుసు చేసే నష్టాన్ని 1 అనుకొంటే, మోటారు సైకిలుది 16, కారుది 10,000, లారీది 160 కోట్లు. అంత తేలిక బరువుల వద్ద ఈ సూత్రం ఖచ్చితంగా పనిచేస్తుందని చెప్పుట కష్టమే. వాన, ఎండ చేసే నష్టం ముందు సైకిలు చేసేది కంటికి ఆనదు. అయినను తారతమ్యం తెలియుటకు ఈ లెక్క చాలును. రోడ్డుకు చేసిన నష్టం ప్రకారమే పన్ను అన్నచో, కారుకు 10,000 రూపాయలు వేసిననాడు సైకిలుకు 1 రూపాయి వేయవలసి ఉంటుంది. ఆ రూపాయికి రసీదు వ్రాయుటకు ఎంత అగునో చెప్పనక్కరలేదు.

పైగా సైకిలు గలవాడు ఏమీ కట్టుటలేదన్న మాటే సరియైనది కాదు. పట్టణ వీధులకు అయ్యే వ్యయంలో కొంత ఆస్తిపన్ను నుండి వస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాడు ఆ భారంలో కొంత అద్దె రూపంలో మోస్తాడు. సైకిలు కొన్ననాడే వస్తుసేవల పన్ను పడుతుంది. 2025 సెప్టెంబరు 22 వరకు అది నూటికి 12, ఆ తేదీ నుండి నూటికి 5. అనగా 6,000 రూపాయల సైకిలు మీద ఇప్పుడు 300 రూపాయలు దుకాణం వద్దనే వసూలగుచున్నది. దీనికి జవాను అక్కరలేదు, బిళ్ళ అక్కరలేదు. ధర ఎక్కువైన సైకిలు మీద పన్ను ఎక్కువ, తక్కువైన దాని మీద తక్కువ. స్మిత్ చెప్పిన రెండు లక్షణాలూ ఇందులో నెరవేరినవి. సైకిలు మీద పన్ను ఉండి తీరవలెననేవారికి ఆ పన్ను ఇదివరకే ఉన్నదని మా మనవి.

ఎదుటి పక్షంలో బలమైన వాదం ఒకటి ఉన్నది. సైకిళ్ళకు ప్రత్యేక మార్గాలు కావలెనని కోరుతున్నారు గదా, వాటి ఖర్చు ఎవరు భరించవలెను అని. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైనది. ఇట్టివాటికి పెద్ద మొత్తాలు కావలెను. అమెరికాలోని హవాయిలో సైకిలుకు ఒక్కమారు 15 డాలర్లు కట్టించుకొని సైకిలు మార్గాలకు వెచ్చిస్తారు. ఆరెగన్ రాష్ట్రంలో 2018 నుండి 200 డాలర్లు, అంతకు మించిన ధర గల కొత్త సైకిళ్ళ మీద 15 డాలర్లు తీసుకొంటున్నారు. ఈ రెండు చోట్లా ఏటేటా వసూలు లేదు. రెండవ చోట చవుక సైకిలును వదలివేసినారు. మన దేశంలో ఎవరైన అటువంటి ఏర్పాటు చేసి, వచ్చిన ప్రతి రూపాయినీ పనివారు నిజంగా సైకిలు త్రొక్కే వీధులలో ఖర్చు చేసెదమంటే మేము వినుటకు సిద్ధమే. ఊరి వెలుపల వినోదం కొరకు వేసే దారికి పాలవాని వద్ద పన్ను తీసుకొనుటను మాత్రం ఒప్పలేము.

ఇక రెండవ ప్రశ్న, నంబరు. సైకిలు దొంగిలింపబడితే దొరకుటకు, ఎవరినైన గుద్ది పారిపోతే పట్టుకొనుటకు నంబరు ఉండవలెనంటారు. కెనడాలోని టొరంటో నగరం 1935లో సైకిలు లైసెన్సు పెట్టి, 1957లో ఎత్తివేసినది. పిల్లలు తెలిసీ తెలియక లైసెన్సు లేకుండ తిరిగి, చిన్న వయస్సులోనే చట్టం అతిక్రమించినవారగుచున్నారన్నది ఆ నిర్ణయానికి చెప్పిన కారణాలలో ఒకటి. స్విట్జర్లాండులో సైకిలుకు అతికించే ఒక చీటీ ఉండేది. అది పన్ను కాదు, ఎదుటివారికి కలిగే నష్టానికి భీమా. 2012లో దానిని కూడ తీసివేసిరి. జపానులో మాత్రం 1994 నుండి సైకిలు నమోదు చట్టరీత్యా విధి. రుసుము 600 యెన్ల ప్రాంతం, ఒక్కమారే. అమ్మిన దుకాణంలోనే నమోదు జరుగుతుంది. చేయించనివానికి శిక్ష లేదు! అయినను జనులు చేయించుకొంటున్నారు. ఎందుకనగా దొంగతనం జరిగితే తమ సైకిలు తమకు దొరకుటకు అది సాధనం. శిరూరు మఠం తీర్పులో చెప్పిన రుసుము లక్షణం ఇక్కడ సరిగా కుదిరినది. సొమ్మునకు ప్రతిగా సేవ ఉన్నది.

సిగ్నలు దాటిపోయే సైకిలును కెమెరా గుర్తుపట్టలేదన్న ఆక్షేపణ నిజమే. నంబరు ఉన్న మోటారు వాహనాలన్నీ సిగ్నలు వద్ద ఆగుచున్నవా అని మాత్రం ఏ కూడలిలోనైన పది నిమిషములు నిలిచి చూడవచ్చును.

చివరగా సైకిలు ఎవరి వాహనం? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 44.8 కుటుంబాల వద్ద సైకిలు ఉన్నది. మోటారు ద్విచక్ర వాహనం ఉన్నవి 21, కారు ఉన్నవి 4.7. ఇంటిలోని ఒకే ఒక వాహనం సైకిలైన కుటుంబాలు లెక్కలేనన్ని. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళ కొరకు సొమ్ము ఇచ్చుట మొదలు పెట్టినది. ఆర్థిక శాస్త్రజ్ఞులు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ ఆ పథకాన్ని పరిశీలించి, తగిన వయస్సులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య నూటికి 32 వంతులు హెచ్చినదని తేల్చినారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడ ‘బడికొస్తా’ పేరున తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళు ఇచ్చినారు. ఒక చేతితో సైకిలు ఇచ్చి మరొక చేతితో బిళ్ళకు సొమ్ము అడుగుట ప్రభుత్వానికి శోభించదు. బస్సు వెళ్ళని పేట నుండి కూతురిని కళాశాలకు పంపుటకు వెనుకాడే తండ్రికి ఏటా ఒక కచ్చేరికి పోవలసిన పని, అక్కడ ఒక రోజు కూలి పోవుట, సొమ్ము కంటె పెద్ద అడ్డంకి కాగలవు.

కావున సైకిలు మీద ఏటేటా పన్ను గాని, తప్పనిసరి లైసెన్సు గాని కూడదని మా అభిప్రాయం. నమోదు మాత్రం ఉచితంగాను, ఇష్టపూర్వకంగాను ఉంటే మేలు చేస్తుంది. దానికి ప్రభుత్వ ఉత్తర్వు కొరకు వేచి ఉండనక్కరలేదు. కళాశాల కార్యాలయంలో ఒక రిజిష్టరు పుస్తకం చాలును. విద్యార్థి పేరు, తరగతి, సైకిలు కంపెనీ, రంగు, ఫ్రేము నంబరు అందులో వ్రాసుకొనవలెను. సైకిలు స్టాండులో తాళం తెగినప్పుడు పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చుటకు కావలసిన వివరాలు అవే. ఫ్రేము నంబరు సాధారణంగా పెడళ్ళ ఇరుసు అడుగున గాని, సీటు గొట్టం మీద గాని చెక్కి ఉంటుంది. సైకిలును తలక్రిందులు చేసి, మట్టి తుడిచి చూడవలెను. వచ్చే విద్యా సంవత్సరంలో తరగతులు మొదలైన వారంలోనే ఆ పుస్తకం తెరువవలెనని, సైకిలు స్టాండు పైకప్పు రేకులు కూడ అప్పటికి వేయించవలెనని కళాశాల కమిటీ వారిని కోరుతున్నాము.